రోబో ఆపరేషన్: లెక్క ఎవరు రాస్తున్నారు?



హైదరాబాదులో గానీ, విజయవాడలో గానీ, విశాఖలో గానీ పెద్దాసుపత్రులున్న రోడ్డు మీద వెళ్తుంటే ఈమధ్య ఒక హోర్డింగు కనబడుతోంది. తెల్లటి యంత్రం, దానికి నాలుగు చేతులు, పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్న డాక్టరుగారు. చిన్న గాట్లు, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి అని కింద నాలుగు మాటలు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. అయితే ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ హోర్డింగు మీద ఉండని సంగతి. ఆ యంత్రంతో ఆపరేషన్ చేయించుకుని వెళ్లినవాళ్లు ఆర్నెల్లకు, ఐదేళ్లకు ఎలా ఉన్నారు? ఎవరికైనా తేడా జరిగితే అది ఎక్కడ రాస్తారు? రాసింది ఎవరు చదువుతారు?

ముందు ఒక అనుమానం తీర్చేద్దాం. రోబో ఆపరేషన్ అంటే యంత్రం తనంతట తానే కోసి కుట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. మనం ఎక్కువగా వినే పొట్ట, కటి భాగం ఆపరేషన్లలో అలా జరగదు. థియేటర్లో ఓ మూల కన్సోల్ అనే బల్ల ఉంటుంది. సర్జన్ దాని ముందు కూర్చుని, తల వంచి, రెండు కళ్లూ అద్దాలకు ఆనించి, రోగి కడుపులోని దృశ్యాన్ని త్రీడీలో పెద్దగా చూస్తారు. వేళ్లు రెండు పట్టీలలో ఉంటాయి. ఆ వేళ్లు ఎటు కదిలితే, రోగి ఒంట్లోకి దించిన సన్నటి పనిముట్లు అటు కదులుతాయి. చెయ్యి వణికితే ఆ వణుకును యంత్రం వడగట్టేస్తుంది. సర్జన్ తల పైకెత్తారంటే సెన్సర్ పసిగడుతుంది, పనిముట్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఒక్కో పనిముట్టులో ఒక చిప్ ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు వాడారో అది లెక్కపెడుతుంది, పరిమితి దాటాక యంత్రం ఇక ఆ పనిముట్టును తీసుకోదు. డా విన్సీ అనే రోబోలో చాలా పనిముట్లకు మొదట ఆ పరిమితి 10 సార్లు. తర్వాత కొన్నింటికి పెంచారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కత్తెర ఎన్నిసార్లు వాడారో ఆ యంత్రానికి ఖచ్చితంగా తెలుసు. ఆ కత్తెర తగిలిన మనిషి ఇంటికెళ్లాక ఏమయ్యాడో మాత్రం దానికి తెలియదు. అది తెలుసుకోవలసింది మనుషులే.

ఈ డా విన్సీ యంత్రానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000 జులైలో అనుమతి ఇచ్చింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ యూరాలజీ విభాగానికి 2006లో రోబో వచ్చింది. హైదరాబాదులో నిమ్స్‌కు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి 2023లో వచ్చాయి. అంటే కార్పొరేట్ ఆసుపత్రులు దాటి సర్కారీ ఆసుపత్రుల దాకా వచ్చేసింది. మంచిదే. అయితే వాడకం పెరిగేకొద్దీ కాపలా కూడా పెరగాలి.

ఇంతకీ తేడా ఎక్కడ రావచ్చు? మూడు చోట్ల. యంత్రంలో, దాన్ని నడిపే మనుషుల్లో, అసలు ఆ జబ్బుకు ఆ పద్ధతిని ఎంచుకోవడంలో. ఈ మూడూ మూడు రకాలు. ఒకదాన్ని పట్టుకునే వల ఇంకొకదాన్ని పట్టుకోలేదు.

యంత్రం సంగతి చూద్దాం. అమెరికాలో పరికరం వల్ల మరణం గానీ, తీవ్రమైన గాయం గానీ జరిగిందని తెలిస్తే తయారీ కంపెనీ 30 రోజుల్లో ఎఫ్‌డీఏకు చెప్పాలి. ఆసుపత్రి అయితే 10 పనిదినాల్లో చెప్పాలి. ఆ నివేదికలన్నీ ‘మాడ్’ అనే బహిరంగ చిట్టాలో చేరతాయి. 2000 నుంచి 2013 వరకు రోబో ఆపరేషన్ల మీద అందులో చేరిన నివేదికలను కొందరు పరిశోధకులు వడపోసి 2016లో ప్రచురించారు. మొత్తం 10,624 నివేదికలు. వాటిలో 144 మరణాలు, 1,391 గాయాలు, 8,061 యంత్ర లోపాలు. ఆ లోపాలేమిటో వింటే సంగతి కళ్లకు కడుతుంది. పనిముట్టు ముక్క కాలిపోయో విరిగో రోగి ఒంట్లో పడటం, కరెంటు పక్కకు చిమ్మి పక్క అవయవం కాలటం, పనిముట్టు చెప్పని కదలిక కదలటం, తెర మీద బొమ్మ పోవటం.

2013లోనే ఇంకో సంగతి జరిగింది. కరెంటుతో కోసే ఒక రకం కత్తెరల మీద కంటికి కనబడని సన్నటి పగుళ్లు రావచ్చని, వాటిలోంచి కరెంటు బయటికి పోయి చుట్టూ ఉన్న కండను కాల్చవచ్చని డా విన్సీ తయారీ కంపెనీ ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది. అదే ఏడాది జులైలో ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి హెచ్చరిక లేఖ రాసింది. అంతకుముందు పనిముట్ల విషయంలో ఆసుపత్రులకు పంపిన జాగ్రత్తలను నియమం ప్రకారం తమకు తెలియజేయలేదన్నది అందులో ఒక అభ్యంతరం.

ఈ సంఖ్యలు విని హడలిపోనక్కర్లేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. 2007 నుంచి 2013 దాకా అమెరికాలో జరిగిన రోబో ఆపరేషన్లే 17 లక్షలకు పైన. పైగా ఈ చిట్టాలో చేరిన ప్రతి మరణానికీ రోబోయే కారణమని కాదు. ఆపరేషన్‌కు మామూలుగా ఉండే ముప్పు వల్ల పోయినవాళ్లూ అందులో ఉంటారు. మరోపక్క, చేరవలసినవన్నీ చేరనూ లేదు. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2013లో పత్రికల వార్తలను, కోర్టు కాగితాలను ఎఫ్‌డీఏ చిట్టాతో పోల్చి చూశారు. ఎనిమిది కేసులు అసలు నమోదు కాకుండా పోవడమో, తప్పుగా నమోదు కావడమో జరిగిందని తేలింది. పేపర్లో వచ్చిన వార్త ప్రభుత్వ చిట్టాలో లేదన్నమాట.

అసలు చిక్కు ఇంకోటుంది. ఏడాదిలో ఫలానా డిపో బస్సులకు పది ప్రమాదాలు జరిగాయని చెప్పి, మొత్తం ఎన్ని ట్రిప్పులు తిరిగాయో చెప్పకపోతే ఆ డిపో మంచిదో చెడ్డదో తేల్చగలమా? ఈ చిట్టాతో వచ్చిన తంటా కూడా అదే. దెబ్బలు తిన్నవాళ్లు అందులో ఉంటారు, క్షేమంగా ఇంటికెళ్లినవాళ్లు ఉండరు. ఎంతమందిలో ఎంతమంది అనేది ఫిర్యాదుల పెట్టె ఎన్నటికీ చెప్పలేదు.

ఇక రెండోది, మనుషులు. 2015లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఒక రిటైరైన పెద్దాయనకు గుండె కవాటాన్ని రోబోతో బాగుచేయబోయారు. ఆ దేశంలో ఆ తరహా ఆపరేషన్ అదే మొదటిది. మధ్యలో ఇబ్బందులొచ్చాయి, కెమెరా మీద రక్తం చిమ్మి కనబడకుండా పోయింది. పక్కనుండి దారి చూపవలసిన నిపుణులు ఆపరేషన్ పూర్తికాకముందే వెళ్లిపోయారు. కొద్దిరోజులకు ఆయన చనిపోయారు. 2018లో జరిగిన మరణ విచారణలో సర్జన్‌కు రోబో మీద తగినంత శిక్షణ లేదన్న సంగతి బయటపడింది. రోబోతో చేయడం కూడా ఆ మరణానికి కొంత కారణమని విచారణాధికారి తేల్చారు.  యంత్రం చేతికొచ్చినంత తొందరగా నైపుణ్యం రాదు, అదీ జరిగింది.

ఇక్కడ థియేటర్లో పనిచేసే ప్రతి నర్సుకూ తెలిసిన ఒక సంగతి చెప్పాలి. సర్జన్ రోగి పక్కన లేరు, కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ దగ్గర ఉన్నారు. హఠాత్తుగా పెద్ద రక్తనాళం తెగిందనుకోండి. పనిముట్లు బయటికి తీయాలి, రోబో చేతులను విడదీసి వెనక్కి లాగాలి, సర్జన్ చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకుని రావాలి, పొట్ట తెరవాలి. ఈలోగా రోగి పక్కనున్న సహాయకుడు, స్టాఫ్ నర్సు, మత్తు డాక్టరు ఎవరి పని వాళ్లు తడుముకోకుండా చేసేయగలగాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, ముందే రిహార్సల్ చేసుకోవాలి. ఫలానా ఆసుపత్రిలో రోబో ఉందా అని అడిగేవాళ్లున్నారు గానీ, ఈ రిహార్సల్ చివరిసారి ఎప్పుడు చేశారని అడిగేవాళ్లు లేరు.

మూడోది అన్నిటికన్నా లోతైనది. యంత్రం బాగానే ఉంది, సర్జన్ ఆరితేరినవారే, ఆపరేషన్ సాఫీగా జరిగింది, రోగి మూడోరోజున నడిచి ఇంటికెళ్లింది. అయినా నష్టం జరగవచ్చు. అదెలా?

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఆడవాళ్లను పీడించే క్యాన్సర్లలో పెద్దవాటిలో ఒకటి. తొలిదశలో ఉంటే గర్భసంచిని, చుట్టూ ఉన్న కణజాలాన్ని తీసేస్తారు. పొట్ట కోసి తీసేబదులు, చిన్న గాట్లతో చేసే లాపరోస్కోపీతోనో రోబోతోనో తీస్తే తొందరగా కోలుకుంటారు కాబట్టి లోకమంతా అటే మొగ్గింది. సరిగ్గా అప్పుడు కొన్ని దేశాల డాక్టర్లు కలిసి 33 ఆసుపత్రుల్లో 631 మంది స్త్రీలతో ఒక పరీక్ష పెట్టారు. సగం మందికి పొట్ట తెరిచి, సగం మందికి చిన్న గాట్లతో చేశారు. చిన్న గాట్ల వాళ్లలో ఎక్కువమందికి లాపరోస్కోపీ, ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి రోబో. చిన్న గాట్ల పద్ధతి ఏమీ తీసిపోదని నిరూపించాలన్నది వాళ్ల ఉద్దేశం.

అయితే అలాంటి పరీక్షలకు ఒక స్వతంత్ర భద్రతా కమిటీ ఉంటుంది. ఆపరేషన్లు చేసే డాక్టర్లతో సంబంధం లేకుండా, అంకెలను మధ్యమధ్యలో తీసి చూడటమే దాని పని. 2017లో ఆ కమిటీ అంకెలు చూసి ఆపమంది. చిన్న గాట్ల వైపు మరణాలు ఎక్కువగా ఉన్నాయి. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. జబ్బు తిరగబెట్టకుండా నాలుగున్నరేళ్లు దాటినవాళ్లు పొట్ట తెరిచి చేసినవాళ్లలో 96.5 శాతం. చిన్న గాట్లవాళ్లలో 86 శాతమే. మూడేళ్లకు బతికున్నవాళ్లు 99 శాతం, 93.8 శాతం. ఆ తేడాను ఏ సర్జనూ తన థియేటర్లో కళ్లతో చూసి పట్టలేరు. తన పేషెంట్లు బాగానే ఇంటికెళ్తున్నారు మరి! ఏళ్ల తరబడి వాళ్ల వెంట పడి, పోగుచేసి, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అది బయటపడదు. 2019లో ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది. రొమ్ము తొలగింపులోనూ, ఇతర క్యాన్సర్ల నివారణ, చికిత్సలలోనూ రోబో వాడకానికి భద్రత, ప్రయోజనం ఇంకా రుజువు కాలేదని అందులో చెప్పింది.

క్యాన్సర్ దాకా ఎందుకు, పిత్తాశయంలో రాళ్ల ఆపరేషనే తీసుకోండి. అది లాపరోస్కోపీతో ఇంచుమించు నిత్యం జరిగే పని. అమెరికాలో మెడికేర్ పథకం కింద పిత్తాశయం తీయించుకున్న పది లక్షల పైచిలుకు పెద్దవాళ్ల రికార్డులను పరిశోధకులు చూసి 2023లో ప్రచురించారు. ఆ ఆపరేషన్లో అందరూ భయపడేది పిత్తనాళం తెగటం. అది లాపరోస్కోపీలో 0.2 శాతం, రోబోతో 0.7 శాతం. వెయ్యికి ఇద్దరు ఎక్కడ, ఏడుగురు ఎక్కడ! ఒక్క ఆసుపత్రి రికార్డులు చూస్తే ఈ తేడా ఎన్నేళ్లకూ తెలియదు.

అన్ని ఆపరేషన్లలోనూ రోబో వెనకబడిందని నేను అనడం లేదు. మూత్రాశయ క్యాన్సర్‌కు రోబోతో చేసినా పొట్ట తెరిచి చేసినా రెండేళ్లకు ఫలితం ఒక్కటేనని 2018లో వచ్చిన అమెరికా పరీక్ష చెప్పింది. రోబోతో రక్తం తక్కువ పోయింది కూడా. పురీషనాళ క్యాన్సర్‌లో లాపరోస్కోపీకీ రోబోకూ చెప్పుకోదగ్గ తేడా లేదని 2017లో పది దేశాల పరీక్ష ఒకటి తేల్చింది. అంటే ఒక్కో అవయవానిది ఒక్కో లెక్క. రోబో మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ జబ్బుకు, ఎవరి చేతిలో, దేనితో పోలిస్తే అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

మరి కాపలా ఎలా కాయాలి? దారులు లేక కాదు.

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో మార్క్ డి లెవల్ అని ఒక గుండె సర్జన్ ఉండేవారు. పుట్టుకతోనే గుండె ధమనులు తారుమారైన పసికందులకు ఆపరేషన్ చేసేవారు. మొదట్లో యాభై దాకా ఆపరేషన్లు బ్రహ్మాండంగా జరిగాయి. తర్వాత వరసగా కొందరు పిల్లలు పోయారు. ఖర్మ అని ఊరుకోలేదాయన. ఫ్యాక్టరీలలో సరుకు నాణ్యత చూడటానికి వాడే ఒక గ్రాఫును తీసుకుని, తన కేసులను ఒకదాని తర్వాత ఒకటి దాని మీద గుర్తించారు. గీత ఒక గట్టు దాటి పైకి పోతే అది దురదృష్టం కాదు, పనిలో ఏదో మారిందని అర్థం. ఆయన వెళ్లి మళ్లీ శిక్షణ తీసుకున్నారు, ఫలితాలు మెరుగుపడ్డాయి. తన వైఫల్యాలను 1994లో ఆయనే వైద్యపత్రికలో అచ్చువేయించారు. రోబో నేర్చుకుంటున్న ప్రతి సర్జన్ కేసులనూ ఇవాళ అలాంటి గ్రాఫు మీద పెట్టొచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు, కంప్యూటర్లో ఒక షీటు, దాచకుండా రాసే మనసు చాలు.

‘తేడా’ అంటే ఏమిటో అందరూ ఒకేలా కొలవడానికి క్లావియన్–డిండో అనే వరస 2004 నుంచి ఉంది. జ్వరం మాత్రతో సరిపెట్టే ఇబ్బంది ఒకటో మెట్టు, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లవలసి వస్తే మూడు, ఐసీయూ దాకా వెళ్తే నాలుగు, మరణం ఐదు. ఇక కొత్త రోబోలను ఎలా రానివ్వాలన్నదానికి బ్రిటన్‌లో చికిత్సలను మదింపు చేసే నైస్ సంస్థ 2025లో ఒక దారి చూపింది. పదకొండు రోబో వ్యవస్థలను వాడుకోనిస్తూనే, మూడేళ్లపాటు ఫలితాలు పోగుచేయాలని షరతు పెట్టింది. వాడండి, కానీ లెక్క రాస్తూ వాడండి అని.

మన దగ్గరికి వద్దాం. 2015 జులై 6న మెటీరియోవిజిలెన్స్ అనే జాతీయ కార్యక్రమం మొదలైంది. పేరు నోరు తిరగకపోయినా పని తేలికే. వైద్య పరికరాల వల్ల ఎవరికి ఏ హాని జరిగినా రాసి పంపమంటుంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతుంది. డాక్టర్లు, నర్సులు, బయోమెడికల్ ఇంజనీర్లే కాదు, రోగి గానీ రోగి ఇంటివాళ్లు గానీ కూడా చెప్పవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: 1800 180 3024. దీనికి తోడు 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నిబంధనలున్నాయి.

అయితే ఇందాక చెప్పుకున్నట్టు ఇది ఫిర్యాదుల పెట్టె. అవసరమే, కానీ చాలదు. దేశంలో జరిగే ప్రతి రోబో ఆపరేషన్‌నూ తప్పనిసరిగా నమోదు చేసి, రోగిని ఏళ్ల తరబడి అనుసరించే జాతీయ రిజిస్ట్రీ మనకు లేదు. అది లేకుండానే మనం వేగంగా ముందుకెళ్తున్నాం. గురుగ్రామ్‌లో తయారవుతున్న ఎస్‌ఎస్‌ఐ మంత్ర అనే మన దేశపు రోబో ఇప్పుడు ఆసుపత్రులకు చేరుతోంది. సర్జన్ గురుగ్రామ్‌లో, రోగి జైపూర్‌లో ఉండగా గుండె ఆపరేషన్లు కూడా చేశారు. మన ఇంజనీర్లు గర్వపడదగ్గ విషయమే. అయితే దూరం పెరిగేకొద్దీ రోగి పక్కన నిలబడ్డ బృందం మీద బాధ్యత పెరుగుతుంది, రాసిపెట్టవలసిన లెక్కా పెరుగుతుంది. బీమా సంగతీ మారింది. రోబో ఆపరేషన్లను ఆరోగ్య బీమా పాలసీలలో చేర్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కొన్ని పాలసీల్లో దానికి విడిగా ఒక పరిమితి ఉంటుంది, చూసుకోండి.

ఇంట్లో ఎవరికైనా రోబో ఆపరేషన్ చెబితే ఏం అడగాలి? డాక్టరుగారి మీద అనుమానంతో కాదు, మర్యాదగానే అడగండి. అయ్యా, ఈ జబ్బుకు రోబోతో చేస్తే లాపరోస్కోపీ కన్నా, పొట్ట తెరిచి చేసే ఓపెన్ కన్నా ఏం మేలు? ఈ ఆపరేషన్ రోబోతో మీరు స్వయంగా ఎన్ని చేశారు? వాటిలో ఎన్నిటిని మధ్యలో ఓపెన్‌గా మార్చవలసి వచ్చింది? నెలలోపు ఎంతమంది తిరిగి అడ్మిట్ అయ్యారు? క్యాన్సర్ అయితే, తిరగబెట్టకుండా ఎన్నేళ్లు ఎంతమంది ఉన్నారు? లెక్క రాసుకునే సర్జన్‌కు ఈ ప్రశ్నలు ఇబ్బంది కావు, సంతోషంగా చెబుతారు. సంతకం పెట్టే కాగితంలో రోబో పేరు, అవసరమైతే ఓపెన్‌గా మారుస్తామన్న మాట ఉన్నాయో లేదో చదవండి. డిశ్చార్జి సమ్మరీలో ఏ యంత్రంతో చేశారో రాయించుకుని దాచుకోండి. ఆర్నెల్లకు చెకప్‌కు రమ్మంటే, ఒంట్లో బాగానే ఉందిగా అని మానేయకండి. మీరు వెళ్లకపోతే లెక్కలో ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీని చాలామంది, ఏమీ కాలేదు అని చదువుకుంటారు.

చివరగా ఒక్క సూచన. ఇది మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు. రోబో కొనడానికి కోట్లు పెడుతున్నాం. ప్రతి రోబో పక్కన ఒక ఉద్యోగిని పెట్టండి. ఏ ఆపరేషన్, ఎవరు చేశారు, ఎంతసేపు పట్టింది, ఓపెన్‌గా మారిందా, ఏ మెట్టు ఇబ్బంది వచ్చింది, ఏడాదికి రోగి ఎలా ఉన్నాడు – ఇంతే రాయాలి. ఫోన్ చేసి కనుక్కోవాలి. రోగుల పేర్లు లేకుండా ఆ అంకెలను ఏటా ప్రజల ముందు పెట్టాలి. ప్రజల సొమ్ముతో రోబోలు కొన్న ఆసుపత్రులు ఈ పని ముందుగా మొదలుపెడితే, ప్రైవేటు ఆసుపత్రులను మీ లెక్క ఏదీ అని అడిగే హక్కు ప్రభుత్వానికీ వస్తుంది, మనకూ వస్తుంది. ఆ ఉద్యోగి జీతం రోబో ఖరీదులో ఏ మూలకూ రాదు.